గ్రాఫ్‌విజ్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేశాక డాట్ పనిచేయడం లేదు, లేఅవుట్ కోడ్ ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

అమలాపురం_సీఎస్ఈ:
నమస్కారమండి. డెల్టా కాలవల పటం గ్రాఫ్‌విజ్‌తో (నోడ్లు, వాటిని కలిపే గీతల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) గీస్తున్నాం. పైన ధవళేశ్వరం బ్యారేజీ, దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల హెడ్ స్లూయిస్‌లు (కాలవల్లోకి నీరు వదిలే తూములు), ఆ కింద కాకినాడ, అమలాపురం, నరసాపురం, ఏలూరు కాలవలు, వాటి మీది లాకులు. ఉబుంటులో గిట్ నుంచి సోర్సు దించి ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్ నడిపితే ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ బిల్డ్ ఫోల్డర్లోని డాట్‌ను (గ్రాఫ్‌విజ్‌లో పటాన్ని పైనుంచి కిందకు వరసలుగా పేర్చే ప్రోగ్రామ్) నడిపితే లేఅవుట్ ఇంజిన్ లేదంటోంది. సిస్టమ్‌లో ముందే ఉన్న డాట్ పనిచేస్తోంది. పటం సరిగ్గా రావడం ఒక్కటే కాదు, మూడు హెడ్ స్లూయిస్‌లూ ఒకే వరసలోకి ఎలా వస్తున్నాయో కోడ్‌లో చూడాలని ఉంది. ఏ ఫైలుతో మొదలెట్టమంటారు?

గౌతమి_గట్టు:
ముందు బిల్డ్ సంగతి చూద్దామండి. గ్రాఫ్‌విజ్‌లో లేఅవుట్లు, పీఎన్‌జీ లాంటి అవుట్‌పుట్లు అన్నీ ప్లగిన్లే. డాట్ వాటిని నడిచేటప్పుడు తెచ్చుకుంటుంది. ఏ ప్లగిన్ ఎక్కడుందో చెప్పే జాబితా ఇన్‌స్టాల్ ఫోల్డర్లో కాన్ఫిగ్ అని మొదలయ్యే ఫైల్లో ఉంటుంది. మీరు ఇన్‌స్టాల్ చేయలేదు కాబట్టి ఆ ఫైలు లేదు, అందుకే ఆ ఎర్రర్. మేక్ ఇన్‌స్టాల్ చేస్తే అదే రాస్తుంది. రాయకపోతే డాట్‌కు హైఫన్ సీ ఇచ్చి ఒకసారి నడపండి.

అయితే సిస్టమ్ డాట్ మీద ఇన్‌స్టాల్ చేయొద్దు. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా మీ హోమ్‌లో ఒక ఫోల్డర్ ఇవ్వండి. లేకపోతే మీ డాట్ పాత లైబ్రరీని పట్టుకోవచ్చు, అప్పుడు కోడ్‌లో ఏం మార్చినా పటంలో మార్పు కనపడదు. అనుమానం వస్తే, ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీతో చూడండి, లైబ్రరీల దారులు మీ ఫోల్డర్‌కే పోవాలి.

ఇంకొకటి. మేక్‌లో ఎర్రర్ రాలేదంటే అన్నీ ఉన్నట్టు కాదు. లైబ్రరీ దొరక్కపోతే కాన్ఫిగర్ ఆ భాగాన్ని వదిలేసి ముందుకు పోతుంది. చివర్లో ఏది ఉంది, ఏది లేదు అని జాబితా అచ్చవుతుంది, దాన్ని పూర్తిగా చదవండి. అక్షరాలు పేర్చి గీసే పాంగో, కైరో లేకపోతే తెలుగు లేబుళ్లు పాడవుతాయి: వెడల్పు లెక్కకు రోమన్ అక్షరాల కొలతల పట్టికే దిక్కు, పెట్టెకూ పేరుకూ పొంతన ఉండదు. ఎక్స్‌ఎంఎల్ చదివే ఎక్స్‌పాట్ లేకపోతే హెచ్‌టీఎంఎల్ లేబుళ్లలో టేబుళ్లు రావు. త్రిభుజాల లెక్కలు చేసే జీటీఎస్ లేకపోతే నీటో, ఎస్‌ఎఫ్‌డీపీ అనే వేరే లేఅవుట్లలో నోడ్లు ఒకదానిమీదొకటి పడకుండా జరపడం సరిగ్గా కుదరదు. అన్నిటికీ డెవ్ ప్యాకేజీలే (బిల్డ్‌కు కావలసిన హెడర్ ఫైళ్లున్నవి) కావాలి, మామూలువి చాలవు. అవి వేశాక మేక్ ఒక్కటే కొడితే లాభం లేదు, కాన్ఫిగర్ నుంచి మళ్లీ నడపాలి.

లంక_లైబ్రరీ:
చదవడానికి లిబ్ ఫోల్డర్లో డాట్‌జెన్ తెరవండి. అందులో డాట్‌ఇనిట్ ఫైల్లో దశల క్రమం కనిపిస్తుంది: ర్యాంక్, మిన్‌క్రాస్, పొజిషన్, స్ప్లైన్స్. 1993లో గాన్స్‌నర్, కౌట్సోఫియోస్, నార్త్, వో రాసిన పేపర్లోని నాలుగు దశలూ ఇవే. ఆ పేపర్ పక్కన పెట్టుకుని చదివితే కోడ్‌లో పేర్లు తికమక పెట్టవు.

మీరడిగిన హెడ్ స్లూయిస్‌ల వరస ర్యాంక్ దశలో తేలుతుంది; ర్యాంక్ అంటే నోడ్ పైనుంచి ఎన్నో వరసలో ఉందనే అంకె. ముందు అసైక్లిక్ ఫైలు చక్రాలను విరగ్గొడుతుంది. మురుగు డ్రెయిన్‌ను తిరిగి పై నోడ్‌కు కలిపారనుకోండి, ఆ గీతను లోపల తిప్పి లెక్క కడుతుంది, బొమ్మలో బాణం మాత్రం మీరు చెప్పిన వైపే ఉంటుంది. ఆ తర్వాత గీతల పొడవును వెయిట్‌తో హెచ్చించి, ఆ మొత్తం వీలైనంత తగ్గేలా ర్యాంకులు ఇస్తుంది. ఈ పని చేసే నెట్‌వర్క్ సింప్లెక్స్ కోడ్ డాట్‌జెన్‌లో ఉండదు, లిబ్‌లోని కామన్ ఫోల్డర్లో ఎన్‌ఎస్ అనే ఫైల్లో ఉంటుంది. చాలామంది వెతుక్కునేది ఇక్కడే. పొజిషన్ దశ ఎక్స్ విలువలకూ దీన్నే వాడుకుంటుంది.

మిన్‌క్రాస్ ఒక ర్యాంకులో ఎవరు ఎడమ, ఎవరు కుడి అనేది తేలుస్తుంది. ఒకటికి మించి ర్యాంకులు దాటే గీతల మధ్య అప్పటికే కనపడని నోడ్లు చేరి ఉంటాయి, అవి క్లాస్2 ఫైల్లో పుడతాయి. దీని పని గీతల అడ్డదాట్లు తగ్గించడం వరకే. గన్నవరం అక్విడక్టు దగ్గర కాలవ నిజంగానే వైనతేయ మీదుగా దాటుతుంది, డాట్‌కు ఆ సంగతి తెలియదు. ఆ దాటు బొమ్మలో కనపడాలంటే దాన్నే ఒక నోడ్‌గా పెట్టండి.

జీడీబీ అనే డీబగ్గర్‌లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కంపైలర్‌కిచ్చే సీఫ్లాగ్స్‌లో జీ3, ఓ0 పెట్టి బిల్డ్ చేయండి. ర్యాంకును చదివే ఎన్‌డీ_ర్యాంక్ ఒక మ్యాక్రో, ఉత్త జీతో బిల్డ్ చేస్తే జీడీబీకి తెలియదు, జీ3తో తెలుస్తుంది. డాట్_మిన్‌క్రాస్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టినప్పుడు ఫంక్షన్ లేదని, తర్వాతి లైబ్రరీ కోసం ఆగనా అని అడుగుతుంది. ప్లగిన్ ఇంకా లోడ్ కాలేదు కాబట్టే ఆ ప్రశ్న, అవుననండి. అక్కడ ఆగాక హెడ్ స్లూయిస్‌ల ర్యాంక్ విలువలు అచ్చు వేస్తే మూడూ ఒకటే కనపడాలి. తేడా ఉంటే పై నుంచి వచ్చే గీతల్లో మిన్‌లెన్ (గీత కనీసం ఎన్ని ర్యాంకులు దాటాలనేది) చూడండి, లేదా ఆ మూడిటినీ ర్యాంక్ సేమ్ సబ్‌గ్రాఫ్‌లో పెట్టండి.

అమలాపురం_సీఎస్ఈ:
పాంగో వేసి మళ్లీ బిల్డ్ చేశానండి, డాట్ నడుస్తోంది. తెలుగు ఫాంటు గ్రాఫ్‌కు ఇచ్చినా నోడ్లలో మారలేదు. మిన్‌క్రాస్‌లో మ్యాక్స్‌ఐటర్ (గరిష్ఠంగా ఎన్నిసార్లు ప్రయత్నించాలనే అంకె) మార్చి డాట్‌జెన్ ఫోల్డర్లో మేక్ కొట్టినా ఫలితం అదే.

గౌతమి_గట్టు:
ఫాంట్‌నేమ్‌ను గ్రాఫ్, నోడ్, ఎడ్జ్ మూడిటికీ విడివిడిగా ఇవ్వాలండి. నోటో సాన్స్ తెలుగు ఇచ్చి, డాట్‌కు హైఫన్ వీ (చిన్నక్షరం) పెట్టి నడిపితే చివరికి ఏ ఫాంటు దొరికిందో అక్కడే చెబుతుంది. ఎస్‌వీజీని వేరేవాళ్లకు పంపేటట్టయితే ఎస్‌వీజీ కోలన్ కైరో వాడండి, అక్షరాలు గీతలుగా మారిపోతాయి, అవతల ఫాంటు లేకున్నా చెదరవు.

రెండోదానికి కారణం ఇదీ: డాట్‌జెన్ కోడ్ చివరికి డాట్_లేఅవుట్ ప్లగిన్‌లో కలిసిపోతుంది. ఆ ఫోల్డర్ ఒక్కటే బిల్డ్ చేస్తే ఇన్‌స్టాల్ అయిన ప్లగిన్ పాతదే. పై ఫోల్డర్ నుంచే మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి, మారిన ఫైళ్లే మళ్లీ కంపైల్ అవుతాయి. అయినా మ్యాక్స్‌ఐటర్ 24ని కోడ్‌లో ముట్టుకోవక్కర్లేదు, గ్రాఫ్‌లో ఎంసీలిమిట్ ఇస్తే దాన్నే హెచ్చిస్తుంది.