సైనిక స్థావరం ఉన్న జిల్లా తరఫున వాషింగ్టన్‌కు వెళ్లేవారు ఏ వాదనను ముందుంచాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక పెద్ద వైమానిక స్థావరాన్ని ఆనుకొని ఉన్న కౌంటీలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. స్థానిక ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఏటా కౌంటీ ప్రతినిధులనూ, విశ్వవిద్యాలయం వారినీ, స్థావరానికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న కంపెనీల యజమానులనూ ఒక బృందంగా వాషింగ్టన్‌కు తీసుకువెళుతుంది. వారు మూడు రోజులపాటు సెనేటర్ల, ప్రతినిధుల సభ సభ్యుల కార్యాలయాలకూ పెంటగాన్‌కూ వెళ్లి, ఈ ప్రాంతానికి కావలసినవి అడిగి వస్తారు. ఈసారి నన్ను కూడా రమ్మన్నారు, అక్కడ ఇవ్వవలసిన రెండు పేజీల పత్రం రాసే పనిని నాకే అప్పగించారు.

నేను రాసిన మొదటి ప్రతిలో స్థావరం వల్ల ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో, అది లేకపోతే బడులూ ఆసుపత్రులూ ఇళ్ల ధరలూ ఏమవుతాయో వివరంగా చెప్పాను. అందులోని ప్రతి వాక్యమూ నిజమే, అదంతా నేను కళ్లారా చూసినదే. అయితే బృందంలోని ఒక విశ్రాంత వైమానిక దళ అధికారి దానిని చదివి, ఈ భాగాన్ని చివరి పేరాకు మార్చమన్నారు. మనుషుల జీవనాధారం కంటే ముందు చెప్పవలసిన మాట ఏముంటుందో నాకు అర్థం కాలేదు. ఈ వ్యవహారం తెలిసినవారు దయచేసి వివరించగలరా? దానితోపాటు, ఒక మామూలు పౌరుడు ఇలా వెళ్లి అడిగితే లాబీయిస్టుగా (చట్టసభ సభ్యులనూ అధికారులనూ ఒప్పించే పని చేసే వ్యక్తిగా) నమోదు చేసుకోవాలా, ఇలాంటి ప్రయాణాలకు ఏది సరైన సమయం అన్నవి కూడా తెలుసుకోవాలని ఉంది.

మొదటి సమాధానం:

ఆ అధికారి మీకు మంచి సలహా ఇచ్చారు. ఆయన మాట వెనుక ఒక చట్టం ఉంది.

స్థావరాల మూసివేతకు అమెరికాలో బ్రాక్ (బేస్ రీఅలైన్‌మెంట్ అండ్ క్లోజర్) అనే ప్రక్రియ ఉంది. 1988, 1991, 1993, 1995, 2005 సంవత్సరాల్లో, మొత్తం ఐదు విడతలు జరిగింది. అంతకుముందు 1977లో వచ్చిన ఒక చట్టం వల్ల పెద్ద స్థావరాన్ని మూయాలంటే పర్యావరణ అధ్యయనాలు జరిపించి, కాంగ్రెస్‌కు ముందుగా తెలియజేయవలసి వచ్చేది. తన నియోజకవర్గంలోని స్థావరాన్ని వదులుకోవడానికి ఏ సభ్యుడూ ఒప్పుకోడు కనుక మూసివేతలు దాదాపు ఆగిపోయాయి. ఆ చిక్కు విప్పడానికే స్వతంత్ర కమిషన్ పద్ధతి వచ్చింది. రక్షణ మంత్రి ఇచ్చిన జాబితాను కమిషన్ పరిశీలించి మార్పులు చేస్తుంది. ఆ తరువాత అధ్యక్షుడైనా కాంగ్రెస్ అయినా దానిని మొత్తంగా ఆమోదించాలి, లేదా మొత్తంగా తిరస్కరించాలి, అందులోంచి ఒక ఊరిని మాత్రం తీసివేయడం కుదరదు.

2005 విడతలో పాటించిన ప్రమాణాలు ఎనిమిది. మొదటి నాలుగూ సైనిక విలువకు సంబంధించినవి: ఇప్పటి, రేపటి అవసరాలకు ఆ స్థావరం ఎంత పనికొస్తుంది, అక్కడి భూమి, భవనాలు, గగనతలం ఏ స్థితిలో ఉన్నాయి, అత్యవసరంగా బలగాలు వచ్చిపడితే తట్టుకోగలదా, దానిని నడపడానికి ఎంత ఖర్చవుతుంది. చట్టం వీటికే ప్రాధాన్యం ఇచ్చింది. స్థానిక ఆర్థిక వ్యవస్థ మీద పడే ప్రభావం ఆరవ ప్రమాణం. మీ మొదటి పేజీ మొత్తం ఆ ఆరవదాని చుట్టూనే తిరుగుతోంది. పైగా మంత్రి సిఫారసును కమిషన్ మార్చాలంటే, ఆయన ఈ ప్రమాణాల నుంచీ బలగాల ప్రణాళిక (మున్ముందు ఎంత సైన్యం కావాలన్న అంచనా) నుంచీ గణనీయంగా పక్కకు జరిగారని నిర్ధారించాలి. కాబట్టి ‘మాకు నష్టం’ అన్న మాట నిజమైనా దానితో పని జరగదు, ‘లెక్క తప్పింది’ అని చూపించగలగాలి.

నేను 2005లో ఒక ఊరి తరఫున బహిరంగ విచారణకు కాగితాలు సిద్ధం చేసిన బృందంలో చిన్న పని చేశాను. ఆ వేసవిలో దేశమంతటా జరిగినదాన్ని దగ్గరగా గమనించాను కనుక రెండు మూడు ఉదాహరణలు చెబుతాను. సౌత్ డకోటాలోని ఎల్స్‌వర్త్ స్థావరాన్ని మూసి, అక్కడి బీ-1 బాంబర్లను టెక్సస్‌లోని డయిస్‌కు తరలించాలన్నది మంత్రి సిఫారసు. సౌత్ డకోటా వారు రెండు విషయాలు పట్టుకున్నారు: బాంబర్లన్నిటినీ ఒకే చోట పెట్టడం ప్రమాదకరం, ఆదా అని చూపిన దానిలో ఎక్కువ భాగం సిబ్బందిని ఒక చోటు నుంచి మరో చోటికి మార్చడమే తప్ప నిజంగా మిగిలే డబ్బు కాదు. కమిషన్ 8–1 ఓట్లతో ఆ స్థావరాన్ని నిలిపింది. కనెటికట్‌లోని గ్రోటన్ వారు జలాంతర్గామి స్థావరం, జలాంతర్గామి పాఠశాల, జలాంతర్గాములను నిర్మించే ఎలక్ట్రిక్ బోట్ కర్మాగారం పక్కపక్కనే ఉండడం నౌకాదళానికి ఎంత లాభమో చూపించి నిలబెట్టుకున్నారు. న్యూ మెక్సికోలోని కానన్ వైమానిక స్థావరం కథ ఇంకా విచిత్రమైనది. ఎఫ్-16 యుద్ధ విమానాలు వెళ్లిపోయినా, కొత్త పని దొరుకుతుందేమో చూడమని 2009 చివరి దాకా గడువు ఇచ్చారు. దగ్గరలోనే మెల్‌రోజ్ బాంబింగ్ రేంజ్, పైన ఖాళీ గగనతలం ఉండడంతో వైమానిక దళపు ప్రత్యేక కార్యకలాపాల విభాగం 2007లో అక్కడికి వచ్చింది.

నిలబడిన తరువాత వారు చేసిన పనిని కూడా గమనించండి. సౌత్ డకోటా 2009లో ఎల్స్‌వర్త్ కోసమే ఒక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి, విమానాల రాకపోకలకు అడ్డొచ్చే నిర్మాణాలు చుట్టుపక్కల పెరగకుండా చూసుకుంది. కొత్త బీ-21 బాంబర్లకు మొదటి స్థావరంగా వైమానిక దళం తరువాత ఎంచుకున్నది దానినే. జాబితా వెలువడ్డాక పరుగెత్తే ఊరికి మిగిలే సమయం కొన్ని నెలలే. మీ పత్రంలో ఇళ్ల ధరలున్న చోట మీ రన్‌వే పొడవు, గగనతలం, విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో స్థావరం కోసం జరుగుతున్న పరిశోధన, కౌంటీ ఇంతవరకు అడ్డుకున్న అనుచిత నిర్మాణాలు రాయండి.

రెండవ సమాధానం:

మీరు అడిగిన మిగతా రెండు విషయాలకు నేను సమాధానం చెబుతాను. కొన్నేళ్లు ఒక నగర పాలక సంస్థలో ఫెడరల్ నిధుల దరఖాస్తులు చూసే పని చేశాను.

నమోదు సంగతి: 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం జీతం తీసుకొని ఒక క్లయింట్ కోసం పనిచేసేవారికి వర్తిస్తుంది. ఒకటి కంటే ఎక్కువ సార్లు అధికారులను సంప్రదించి, మూడు నెలల కాలంలో ఆ క్లయింట్ కోసం చేసే పనిలో కనీసం 20 శాతం సమయం లాబీయింగ్‌కు వెచ్చించే వ్యక్తి లాబీయిస్టు అవుతాడు. ఏడాదికి మూడు రోజులు స్వచ్ఛందంగా వెళ్లే మీకు ఆ బాధ లేదు, విన్నవించుకోవడం రాజ్యాంగపు మొదటి సవరణ ఇచ్చిన హక్కు. మీ ఛాంబర్ వాషింగ్టన్‌లో ఒక లాబీయింగ్ సంస్థను పెట్టుకొని ఉంటే ఆ సంస్థ నమోదు చేసుకొని, మూడు నెలలకొకసారి నివేదిక ఇస్తుంది, దానిని ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. వెళ్లే ముందు మీరూ ఒకసారి చూడండి, మీ ఊరి పేరు మీద ఏయే విషయాలు అడుగుతున్నారో తెలుస్తుంది. ఫెడరల్ గ్రాంటు సొమ్మును గ్రాంట్ల కోసం, కాంట్రాక్టుల కోసం లాబీయింగ్‌కు వాడడాన్ని 1989 నుంచి చట్టం నిషేధించింది కాబట్టి, మీ బృందంలోని విశ్వవిద్యాలయం వారి ప్రయాణ ఖర్చు ఏ ఖాతాలోంచి వస్తోందో కనుక్కోండి. స్థావరం కమాండర్‌ను మాత్రం మీ తరఫున మాట్లాడమని అడగకండి, యూనిఫారంలో ఉన్నవారిని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది.

సమయం సంగతి ఇంకా ముఖ్యం. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కానీ ఆ బడ్జెట్ మీద అభ్యర్థనలను సభ్యుల కార్యాలయాలు వసంతంలోనే స్వీకరిస్తాయి. వేసవిలో వెళితే బిల్లులు అప్పటికే కమిటీల్లో రూపు దిద్దుకొని ఉంటాయి. ఒక నిర్మాణం కావాలంటే సాయుధ దళాల కమిటీలు రాసే వార్షిక రక్షణ చట్టం దానికి అనుమతి ఇవ్వాలి, ఆ తరువాత కేటాయింపుల కమిటీ డబ్బు ఇవ్వాలి. ఈ రెండూ వేరువేరు కార్యాలయాలు, వేరువేరు సిబ్బంది. అనుమతి దొరికిందని సంబరపడి, డబ్బు అడగడం మరిచిపోయిన ఊరిని నేను ఎరుగుదును.

సభ్యుడు తన నియోజకవర్గం కోసం పేరు పెట్టి నిధులు అడిగే పద్ధతి 2011లో ఆగి, 2021లో కొత్త నియమాలతో తిరిగి వచ్చింది. లాభాపేక్ష ఉన్న కంపెనీలకు ఆ నిధులు ఇవ్వరు, అడిగిన ప్రతిదీ బహిరంగంగా ప్రకటించాలి, తనకూ తన కుటుంబానికీ అందులో ఆర్థిక ప్రయోజనం లేదని సభ్యుడు రాసివ్వాలి. స్థావరం కంచె బయట ఉన్న రోడ్డు, నీటి పైపు, అగ్నిమాపక కేంద్రం లాంటివి కావాలంటే రక్షణ శాఖలో స్థానిక సమాజాలతో పనిచేసే విభాగం ఉంది. 1961లో మొదలైన ఆ కార్యాలయానికి 2021లో పేరు మార్చారు, స్థావరాల చుట్టుపక్కల మౌలిక వసతులకు పోటీ ప్రాతిపదికన గ్రాంట్లు ఇస్తుంది. చిన్న కౌంటీకి సెనేటర్‌తో దిగే ఫోటో కంటే ఆ విభాగం సిబ్బందితో గడిపే అరగంట ఎక్కువ ఉపయోగపడుతుందన్నది నా అనుభవం.

మూడవ సమాధానం:

పై ఇద్దరి మాటలూ సరైనవే అయినా, మరో వైపు నుంచి కూడా చూడాలని కోరుతున్నాను. ప్రతి ఊరూ తన స్థావరాన్ని సమర్థంగా కాపాడుకుంటే దేశానికి ఏమవుతుంది? తన వద్ద దాదాపు 19 శాతం అదనపు స్థావర సామర్థ్యం ఉందని రక్షణ శాఖ 2017లో కాంగ్రెస్‌కు తెలియజేసింది. కొత్త విడత కావాలని ఏళ్ల తరబడి అడిగింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు, 2005 తరువాత ఇంకో విడత జరగలేదు. వాడని భవనాలకు పెట్టే ఖర్చు సైనికుల శిక్షణకూ విమానాల మరమ్మతులకూ వెళ్లవలసిన డబ్బులోంచే వస్తుంది.

ప్రాంతాల పోటీ ఎంత దూరం పోగలదో అంతరిక్షంలో సైనిక కార్యకలాపాలు చూసే స్పేస్ కమాండ్ ప్రధాన కార్యాలయం విషయంలో చూశాం. 2021 జనవరిలో అలబామాలోని హంట్స్‌విల్‌ను ఎంపిక చేశారు. 2023 జులైలో దానిని కొలరాడో స్ప్రింగ్స్‌లోనే ఉంచాలని నిర్ణయించారు. 2025 సెప్టెంబరులో మళ్లీ హంట్స్‌విల్ అన్నారు. మధ్యలో తనిఖీ సంస్థలు నివేదికలు రాశాయి, రెండు రాష్ట్రాల సభ్యులూ సర్వశక్తులూ ఒడ్డారు. ఆ నాలుగున్నరేళ్లూ అక్కడ పనిచేసేవారు ఇల్లు కొనాలా వద్దా, పిల్లలను ఏ బడిలో చేర్చాలి అన్నది తేల్చుకోలేక సతమతమై ఉంటారు.

మీరు వెళ్లవద్దని నా ఉద్దేశం కాదు. స్థావరం నిజంగా అవసరం లేని రోజు వస్తే మీ కౌంటీ ఎలా నిలబడుతుందో కూడా ఈ ప్రయాణంలోనే ఆలోచించండి. మెయిన్ రాష్ట్రంలో 2005లో పోర్ట్స్‌మత్ నౌకాదళ షిప్‌యార్డ్ నిలిచింది, బ్రన్స్‌విక్ నౌకాదళ వైమానిక స్థావరం మాత్రం నిలవక 2011లో మూతపడింది. బ్రన్స్‌విక్ వారు ఆ స్థలాన్ని వ్యాపార కేంద్రంగా మార్చుకోవడానికి ముందుగానే ఒక సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. ఇలాంటి ప్రణాళికకు కూడా ఫెడరల్ సహాయం దొరుకుతుంది, అడిగేవారు తక్కువ.

ప్రశ్న అడిగినవారి స్పందన:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాత్రి కూర్చొని పత్రాన్ని తిరగరాశాను. గగనతలం, రన్‌వే, ప్రయోగశాలలు మొదటి పేజీకి వచ్చాయి, కుటుంబాల గురించి చెప్పిన భాగం రెండవ పేజీ చివర ఒక పేరాగా ఉంది. దానిని పూర్తిగా తీసివేయడానికి మనసు ఒప్పలేదు. మూడవ వారు లేవనెత్తిన విషయాన్ని ఛాంబర్ సమావేశంలో చర్చకు పెడతాను. అది అక్కడ చాలామందికి రుచించదని తెలుసు, అయినా అడుగుతాను. ఒక చిన్న సందేహం మిగిలింది. స్థావరానికి తూర్పున ఉన్న పొలాల్లో ఇళ్లు కట్టడానికి ఒక సంస్థ కౌంటీని అనుమతి అడుగుతోంది. ఆ విషయం పత్రంలో రాయాలా, దాచాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

దాచకండి. వైమానిక దళానికి ఆ సంగతి మీకంటే ముందే తెలిసి ఉంటుంది. వాషింగ్టన్‌కు బయలుదేరేలోగా కౌంటీ దాని మీద ఒక నిర్ణయం తీసుకోగలిగితే, మీ పత్రం మొత్తంలో బలమైన వాక్యం అదే అవుతుంది. తీసుకోలేకపోతే, ఆ పొలాల అభివృద్ధి హక్కులను కొనడానికి రక్షణ శాఖ ఖర్చు పంచుకునే ఒక కార్యక్రమం రెండు దశాబ్దాలుగా నడుస్తోంది కాబట్టి, మీరు అడగవలసిన మొదటి కోరిక అదే కావాలి.