స్టాండ్లలోంచి ఆటగాళ్లపైకి వస్తువులు విసిరితే శిక్ష ఎవరికి పడాలి?

ప్రశ్న: కొత్త ప్రేక్షకుడు

క్రికెట్ చూస్తూ పెరిగి, ఈ మధ్యనే బేస్‌బాల్ వైపు మళ్లినవాణ్ణి. 2024 అక్టోబర్ 6న లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్ రికార్డింగును పోయిన వారం చూశాను. మొదటి ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు మూకీ బెట్స్ కొట్టిన బంతి గోడ దాటి హోమ్ రన్ అయిపోయిందని అందరూ అనుకుంటున్న క్షణంలో, శాన్ డియేగో పాడ్రెస్ లెఫ్ట్ ఫీల్డర్ జురిక్సన్ ప్రొఫార్ గోడ అవతలికి చెయ్యి చాచి దాన్ని పట్టుకున్నాడు. ఏడో ఇన్నింగ్స్‌కు (బేస్‌బాల్‌లో మొత్తం తొమ్మిది) వచ్చేసరికి అతను నిలబడిన వైపు స్టాండ్లలోంచి బంతులు, మరికొన్ని వస్తువులు మైదానంలోకి వచ్చి పడ్డాయి. అంపైర్లు ఆట ఆపారు, భద్రతా సిబ్బంది గోడ వెంట వరుసగా నిలబడ్డారు, కొంతసేపటికి ఆట మళ్లీ మొదలై పాడ్రెస్ 10-2 తేడాతో గెలిచింది.

ఇటువంటి సందర్భంలో ఆటను ప్రత్యర్థి జట్టుకు అప్పగించే అధికారం అంపైరుకు ఉందని విన్నాను. దాన్నే ఫోర్‌ఫిట్ అంటారట. అధికారం ఉన్నప్పుడు దాన్ని ఎందుకు వాడరు? విసిరినవాడు స్టాండ్లలో ఎవరో ఒకడై ఉండగా జట్టును శిక్షించడం సబబేనా? ఈ ఆటను ఎక్కువ కాలంగా చూస్తున్నవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: పాత స్కోరుకార్డు

మీరు విన్నది నిజమే. మైదానంలో క్రమశిక్షణ నిలిపేందుకు సరిపడా పోలీసు రక్షణ ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఆతిథ్య జట్టుదేనని నిబంధనల పుస్తకం చెబుతుంది. బయటివారు మైదానంలోకి వచ్చి ఆటకు అడ్డు తగిలితే, వారిని ఖాళీ చేయించే వరకు ఆడబోమని పర్యాటక జట్టు నిరాకరించవచ్చు. అలా నిరాకరించిన తరువాత కనీసం 15 నిమిషాలు గడిచినా మైదానం ఖాళీ కాకపోతే, ప్రధాన అంపైరు ఆటను ఆ జట్టుకు అప్పగించవచ్చు. స్కోరు 9-0గా నమోదవుతుంది. ఇక్కడ 'అప్పగించాలి' అని కాక 'అప్పగించవచ్చు' అని ఉండటాన్ని గమనించండి. నిర్ణయం అంపైరు విచక్షణకు వదిలేశారు, ఆ విచక్షణ దాదాపు ఎప్పుడూ ఆట కొనసాగించే వైపే మొగ్గుతుంది.

అమెరికాలోని అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో చివరిసారి ఫోర్‌ఫిట్ జరిగింది 1995 ఆగస్టు 10న, మీరు చూసిన అదే డాడ్జర్ స్టేడియంలో. ఆ రోజు లోపలికి వచ్చే ప్రేక్షకులకు బేస్‌బాల్ బంతులను కానుకగా పంచారు. ఏడో ఇన్నింగ్స్‌లోనే కొందరు ఆ బంతులను మైదానంలోకి విసిరారు, హెచ్చరికలతో ఆట సాగింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 2-1 ఆధిక్యంలో ఉండగా, తనను ఔట్ చేసిన మూడో స్ట్రైక్ నిర్ణయంపై వాదించిన డాడ్జర్స్ ఆటగాడు రౌల్ మాండెసీని, ఆ వెంటనే డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డాను అంపైరు బయటికి పంపడంతో బంతుల వాన కురిసింది. మైదానాన్ని శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టబోతే మళ్లీ బంతులు పడ్డాయి. చివరికి అంపైర్ల బృందం పెద్ద జిమ్ క్విక్ ఆటను కార్డినల్స్‌కు అప్పగించాడు. మేజర్ లీగ్ రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అంతకుముందు ఫోర్‌ఫిట్ 1954లో జరిగిందంటే, ఈ అస్త్రం ఎంత అరుదైనదో అర్థమవుతుంది.

బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాముల దాకా ఉంటుంది. అటువంటి వస్తువును వేల మంది చేతుల్లో పెట్టి, వాళ్ల జట్టు ఓడిపోతున్న వేళ వాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారని ఆశించినవారిని ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు. కాబట్టి ఆ రోజు జట్టుకు శిక్ష పడటంలో అన్యాయం ఏమీ లేదని నా అభిప్రాయం: విసిరింది ప్రేక్షకులే అయినా, అందించింది యాజమాన్యం.

జవాబు: ఏడో ఇన్నింగ్స్

పై వ్యాఖ్యతో ఏకీభవిస్తూనే, బీరు సంగతి ఎత్తకుండా ఈ చర్చ ముందుకు సాగదని చెప్పదలచుకున్నాను. 1974 జూన్ 4న క్లీవ్‌లాండ్ మునిసిపల్ స్టేడియంలో, టెక్సాస్ రేంజర్స్‌తో మ్యాచ్ రోజున, క్లీవ్‌లాండ్ యాజమాన్యం కప్పు బీరును 10 సెంట్లకు అమ్మింది. వారం రోజుల ముందే టెక్సాస్‌లో ఈ రెండు జట్ల మధ్య మైదానంలో కొట్లాట జరిగింది, అక్కడి ప్రేక్షకులు క్లీవ్‌లాండ్ ఆటగాళ్లపై బీరు చల్లారు. ఆ పగ ఒకవైపు, చవక బీరు మరొకవైపు. పాతిక వేల మందికి పైగా వచ్చారు. ఆట మొదటి నుంచే మైదానంలోకి చొరబాట్లు, వస్తువులు విసరడం సాగాయి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ స్కోరును 5-5కు సమం చేసిన తరువాత, రేంజర్స్ రైట్ ఫీల్డర్ జెఫ్ బరోస్‌ను ప్రేక్షకులు చుట్టుముట్టారు. రేంజర్స్ మేనేజర్ బిల్లీ మార్టిన్ తన ఆటగాళ్లను బ్యాట్లతో సహా మైదానంలోకి నడిపించాడు. గుంపు వాళ్లనూ చుట్టుముట్టబోతుంటే, క్లీవ్‌లాండ్ ఆటగాళ్లు కూడా బ్యాట్లు పట్టుకుని వచ్చి, తమ ప్రత్యర్థులను తమ అభిమానుల నుంచే కాపాడవలసి వచ్చింది. అంపైర్ల పెద్ద నెస్టర్ చైలాక్‌కు సైతం దెబ్బలు తగిలాయి. ఆటను టెక్సాస్‌కు అప్పగించారు.

తరువాత ఏం జరిగిందన్నది నాకు అంతకన్నా ఆసక్తికరంగా అనిపిస్తుంది. అదే వేసవిలో క్లీవ్‌లాండ్ మళ్లీ 10 సెంట్ల బీరు రోజు పెట్టింది, కాకపోతే ఆ ధరకు మనిషికి రెండు కప్పులే అన్న పరిమితితో. అంటే తప్పు ఎక్కడుందో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

ఇప్పుడు చాలా స్టేడియాల్లో ఏడో ఇన్నింగ్స్ తరువాత మద్యం అమ్మకం ఆపేస్తారు, నా పేరు కూడా అక్కడి నుంచి తీసుకున్నదే. 2023లో బంతి వేయడానికి సమయ పరిమితి పెట్టే పిచ్ క్లాక్ వచ్చి ఆటలు త్వరగా ముగుస్తుండటంతో, అమ్మకాలు తగ్గుతాయని కొన్ని జట్లు గడువును ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. ఆట త్వరగా ముగుస్తున్నప్పుడు, జనం తేరుకుని ఇంటికి వెళ్లేందుకు గడువును ఇంకా ముందే పెట్టాలి గాని పొడిగించడం ఏమిటని ఫిలడెల్ఫియా పిచర్ మ్యాట్ స్ట్రామ్ బహిరంగంగానే ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు వ్యాపార కారణం తప్ప మరో సమాధానం నాకు కనిపించలేదు.

జవాబు: బ్లీచర్ సీటు

అన్నింటికీ బీరునూ, కానుకలనూ కారణంగా చూపితే, ఇంటి నుంచే సిద్ధపడి వచ్చేవాడి సంగతి మరుగున పడుతుంది. 1999 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో జె.డి. డ్రూ మీదికి స్టాండ్లలోంచి విసిరినవి డి సైజు బ్యాటరీలు. అంతకు రెండేళ్ల ముందు ఫిలడెల్ఫియా ఎంపిక చేసినా ఒప్పందం కుదరక, అతను ఆ జట్టులో చేరకుండా తరువాత కార్డినల్స్‌కు వెళ్లాడన్నది అక్కడి అభిమానుల కోపం. ఆ బ్యాటరీలను ఏ యాజమాన్యమూ పంచలేదు, ఏ కౌంటరులోనూ అమ్మలేదు. అటువంటివాడు చేసినదానికి ఆటను ప్రత్యర్థి జట్టుకు అప్పగిస్తే, ఆ జట్టు ఓడిపోతున్న రోజున దాని అభిమాని ఒకడు కావాలనే అదే పని చేయడానికి వెనుకాడడు. టికెట్టు కొని బుద్ధిగా కూర్చున్న వేల మంది తప్పేమిటి?

కాబట్టి శిక్ష మనిషికే పడాలంటాను, అది సాధ్యమని కూడా రుజువైంది. 2021 జులై 17న యాంకీ స్టేడియంలో, బోస్టన్ లెఫ్ట్ ఫీల్డర్ అలెక్స్ వర్డుగో తమ జట్టు బాల అభిమానికి అందాలని స్టాండ్లలోకి వేసిన బంతి ఒక యాంకీస్ అభిమాని చేతికి చిక్కింది. అతను దాన్ని తిరిగి విసిరితే వర్డుగో వీపుకు తగిలింది. బోస్టన్ మేనేజర్ అలెక్స్ కోరా తన జట్టును కాసేపు మైదానంలోంచి వెనక్కి పిలిపించాడు. విసిరిన వ్యక్తిని గుర్తించి బయటికి పంపడమే కాక, మొత్తం 30 మేజర్ లీగ్ స్టేడియాల్లోకీ జీవితాంతం ప్రవేశం లేకుండా నిషేధించారు. నేను ఎక్కువగా ఔట్‌ఫీల్డ్ వెనుక చవక సీట్లలోనే కూర్చుంటాను. ఆ వార్త వచ్చిన తరువాత అక్కడి మాటల్లో తేడాను నేను స్వయంగా గమనించాను.

అయితే ఒక్క చిక్కు ఉంది. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో ప్రత్యర్థి కొట్టిన హోమ్ రన్ బంతి బ్లీచర్లలో, అంటే ఔట్‌ఫీల్డ్ వెనుక చవక సీట్లలో పడితే, దాన్ని తిరిగి మైదానంలోకి విసిరేయడం ఏళ్ల తరబడి ఆనవాయితీ. విసరకపోతే చుట్టూ ఉన్నవారు కేకలు వేస్తారు. ఎవరికీ తగలకుండా గడ్డి మీద పడేలా వేస్తారన్నది నిజమే, కాని చేతిలోని వస్తువును మైదానంలోకి విసరడం ఒకచోట వేడుక, మరోచోట నేరం అని కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఎలా వివరించాలో నాకు ఇంతవరకు తెలియలేదు.

ప్రశ్న అడిగిన కొత్త ప్రేక్షకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. మరొక సందేహం. ఒకరిద్దరు విసిరినప్పుడు కెమెరాలో గుర్తించవచ్చు. స్టాండ్లలో వందల మంది ఒకేసారి విసిరితే, నిషేధం ఎవరి మీద వేస్తారు? ఆ క్షణంలో ఆటను నిలబెట్టడానికి నిజంగా పనిచేసినది ఏమైనా ఉందా?

జవాబు: పాత స్కోరుకార్డు

మీరు అడిగిన పరిస్థితికి అచ్చమైన ఉదాహరణ 2012 అక్టోబర్ 5న అట్లాంటాలో జరిగింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు కార్డినల్స్ ఫీల్డర్ల మధ్య నేల మీద పడిన బంతికి ఇన్‌ఫీల్డ్ ఫ్లై నిబంధన (కొన్ని సందర్భాల్లో ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల దగ్గరి ఫీల్డరు సులువుగా పట్టగల ఎత్తు బంతిని పట్టకపోయినా బ్యాటరు ఔటే) వర్తిస్తుందని అంపైరు శామ్ హోల్‌బ్రుక్ ప్రకటించి, బ్యాటరును ఔట్ చేశాడు. బంతి ఇన్‌ఫీల్డ్ దాటి చాలా దూరం వెళ్లి పడటంతో, ఆ నిర్ణయం అక్కడున్న ఎవరికీ మింగుడుపడలేదు. సీసాలు, కప్పులు, చెత్త మైదానమంతా పరుచుకున్నాయి, ఆట 19 నిమిషాలు ఆగింది. అంత జరిగినా ఫోర్‌ఫిట్ మాట రాలేదు, ఒకే ఒక్క ఆటతో సీజన్ ముగిసిపోయే రోజున ఏ అంపైరూ ఆ మాట అనడానికి సాహసించడు. కార్డినల్స్ 6-3తో గెలిచారు.

గుంపును ఆపడంలో నాకు తెలిసి పనిచేసినది ఆతిథ్య జట్టు ఆటగాళ్ల మాట. 1973 అక్టోబర్ 8న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో, సిన్సినాటి ఆటగాడు పీట్ రోజ్‌కూ ఆతిథ్య జట్టు మెట్స్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డరు) బడ్ హారెల్సన్‌కూ పెనుగులాట జరిగిన తరువాత, లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడిన రోజ్ మీదికి సీసాలు, చెత్త విసిరారు. సిన్సినాటి మేనేజర్ స్పార్కీ ఆండర్సన్ జట్టును డగౌట్‌కు పిలిపించాడు. అప్పుడు మెట్స్ మేనేజర్ యోగీ బెర్రా, విల్లీ మేస్, టామ్ సీవర్ తదితరులు లెఫ్ట్ ఫీల్డ్ దాకా నడిచి వెళ్లి, ఆపమని ప్రేక్షకులను వేడుకున్నారు. మెట్స్ అప్పటికి భారీ ఆధిక్యంలో ఉన్నారు. ఫోర్‌ఫిట్ అయితే గెలిచే ఆటను పోగొట్టుకుంటామన్నది వాళ్లను నడిపించిన భయం, ఆ భయమే ప్రేక్షకులకూ తలకెక్కింది. 2022 ఏప్రిల్ 23న యాంకీ స్టేడియంలో క్లీవ్‌లాండ్ ఔట్‌ఫీల్డర్ల మీదికి చెత్త విసిరినప్పుడు, ఆ ఆటను అప్పటికే గెలిచేసిన యాంకీస్ ఆటగాళ్లలో ఆరన్ జడ్జ్, జియాంకార్లో స్టాంటన్ సంబరాలు వదిలి అక్కడికి పరుగెత్తి, తమ అభిమానులకే చేతులు చూపుతూ వారించారు.

అందువల్ల బ్లీచర్ సీటు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఫోర్‌ఫిట్ అమలు కాకపోయినా సరే, అది పుస్తకంలో ఉండాలి. 1934లో డెట్రాయిట్‌లో ప్రపంచ సిరీస్ ఏడో ఆటలో ఏం చేశారో గుర్తు చేసుకోండి. కార్డినల్స్ ఆటగాడు జో మెడ్విక్ మీద పండ్లు, కూరగాయలు, సీసాలు కురుస్తుంటే, బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఎవరిని బయటికి పంపాడు? మెడ్విక్‌నే. కార్డినల్స్ 9-0 ఆధిక్యంలో ఉండటం వల్ల, చివరికి 11-0తో గెలవడం వల్ల ఆ నిర్ణయం ఆటను మార్చలేదు గాని, స్కోరు సమంగా ఉంటే విసిరినవాళ్లు తమకు కావలసింది సాధించుకున్నట్టే అయ్యేది.

జవాబు: ఏడో ఇన్నింగ్స్

ఒక చిన్న చేర్పు. 2016 అక్టోబర్‌లో టొరంటోలో, బాల్టిమోర్ ఆటగాడు కిమ్ హ్యున్-సూ లెఫ్ట్ ఫీల్డ్‌లో బంతిని పట్టుకోబోతుండగా స్టాండ్లలోంచి బీరు డబ్బా ఒకటి అతని పక్కనుంచి దూసుకుపోయింది. అదృష్టవశాత్తు తగలలేదు, అతను క్యాచ్ కూడా పట్టాడు. విసిరిన వ్యక్తిపై కేసు పెట్టారు, టొరంటో యాజమాన్యం ఆ తరువాతి ప్లేఆఫ్ ఆటల్లో బీరును డబ్బాల్లో ఇవ్వడం మాని ప్లాస్టిక్ కప్పుల్లో పోయించింది. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి కాబట్టి, మనిషికా జట్టుకా అన్న ప్రశ్నకు టొరంటో రెండు వైపుల నుంచీ జవాబు చెప్పిందనుకుంటాను.