బాపు నడిపిన బీఎస్‌ఏ ఎం20 బండి ఇటలీ నుంచే వచ్చిందా?

ప్రశ్న (హనుమకొండ)
మా బాపు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీలో మోటార్‌సైకిల్ మీద సైనిక సందేశాలు చేరవేసేవారు. సాంగ్రో నది దగ్గర మోకాలి లోతు బురదలో బండిని తోసుకుంటూ పోయిన సంగతి అడిగినప్పుడల్లా చెప్పేవారు. మా కొట్టంలో ఉన్న బీఎస్‌ఏ ఎం20 అనే బ్రిటిష్ మోటార్‌సైకిల్‌ని ఆయన అక్కడి నుంచే ఓడలో తెచ్చారని చిన్నాయనలు అంటారు. బాపు ఆ మాటను ఔననలేదు, కాదనలేదు. బండి కాగితం ఉర్దూలో ఉంది. పక్కింటి పెద్దాయన చదివి, 1357లో నమోదైందని చెప్పారు. ట్యాంకు మీది నల్లరంగు పెచ్చులూడుతున్నందున గీకించి కొత్తరంగు వేయించాలనుకుంటున్నాను. ఆలోగా దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే మార్గముందా?

జవాబు (కాజీపేట)
దయచేసి రంగు గీకించకండి. బ్రిటిష్ సైన్యం మోటార్‌సైకిళ్ల ట్యాంకుల మీద ‘సి’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య రాసేది. అది నల్లరంగు అడుగున మిగిలి ఉండవచ్చు. ఇంజిన్ మీద, ఫ్రేమ్ మీద డబ్ల్యూఎం20 అని మొదలయ్యే సంఖ్యలుంటే సైన్యం కోసం తయారైన బండే. ఆ రెండు సంఖ్యలూ ఒకటి కాకపోతే ఇంజిన్ మార్చారని అనుమానపడవద్దు, అవి మొదటి నుంచీ వేర్వేరుగానే ఉండేవి.

అయితే ఎవరు ఎక్కడ నడిపారో ఆ సంఖ్యలు చెప్పవు. యుద్ధకాలంలో బీఎస్‌ఏ ఇలాంటివి సుమారు 1,26,000 తయారుచేసింది. సర్కారు సొత్తయిన బండిని సిపాయి తన పెట్టెబేడాతో ఇంటికి తెచ్చుకోవడం జరిగే పని కాదు. యుద్ధం ముగిశాక మిగిలిన వాహనాలను డిస్పోజల్ వేలాల్లో అమ్మారు కనుక, అక్కడ నడిపిన రకం బండినే బాపు ఇక్కడ కొనుక్కున్నారని నా అభిప్రాయం.

జవాబు (జగిత్యాల)
ఆ 1357 ఫసలీ సంవత్సరం సార్. నిజాం రాజ్యంలో కాగితాలకు ఆ లెక్కే వాడేవారు. 590 కలిపితే 1947 వస్తుంది, అంటే 1947 అక్టోబరులో మొదలైన ఏడాది. కాజీపేట సార్ చెప్పినదానికి ఇది సరిపోతోంది. మా పెదనాయన దగ్గరా ఇదే రకం ఉండేది. ఎడమచేతి పిడి దగ్గరి మీటతో ఇగ్నిషన్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టే సమయం) వెనక్కి తగ్గించకుండా కిక్ కొడితే ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి కాబట్టి నేటి బండ్లకు అలవాటుపడిన పిల్లల చేతికి ఇవ్వకండి.

జవాబు (కరీంనగర్)
రోడ్డెక్కించాలనుకుంటే, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని రోజూ బజారుకు నడపడానికి అనుమతి ఉండదు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. సైన్యం నుంచి వచ్చిన డబ్బుతో సికింద్రాబాదులో కొన్నారని మా అమ్మ అనేది. ఓడ కథ ముందు ఆమె మాటను ఎవరూ పట్టించుకోలేదు. రంగు పని ఆపించాను. సంఖ్యల ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను, కాజీపేట సార్ ఒకసారి చూడగలరు.