స్పాట్ వెల్డ్ వరుస: సిమ్యులేషన్ 0.4 అంటోంది, సీఎంఎం 1.1 అంటోంది

జిగ్_బాబు:
మిత్రులందరికీ నమస్కారం. కారు తలుపు లోపలి రేకు అయిన 0.7 మి.మీ. మందమున్న డోర్ ఇన్నర్ ప్యానెల్‌కు 1.2 మి.మీ. హింజ్ రీయిన్‌ఫోర్స్‌మెంటును (కీలు దగ్గరి బలపు రేకును) స్పాట్ వెల్డింగుతో, అంటే రెండు రాగి టిప్‌ల మధ్య రేకులను నొక్కి కరెంటు పంపి, అతికే పనిలో ఉన్నాను. మొత్తం 14 స్పాట్లు, వాటిలో 6 జియో స్పాట్లు (ఆకారాన్ని బిగించడానికి ముందుగా వేసేవి), మిగిలినవి బలం కోసం తరువాత వేసే రీస్పాట్లు. ఆ ఆరింటికి మంచి వరుసను సిమ్యులేషన్‌లో జెనెటిక్ అల్గారిథంతో (అన్నిటినీ చూడకుండా మంచి వరుసలను కలుపుతూ వెతికే పద్ధతితో) వెతికించగా, క్లాంపులు వదిలాక ఫ్లాంజ్ (రేకు మడత) అంచు 0.4 మి.మీ.కు మించి కదలదని తేలింది. అదే వరుసతో లైనులో చేసిన భాగాలు సీఎంఎం (ఆకారాన్ని కొలిచే యంత్రం) మీద 1.1 చూపిస్తున్నాయి. రేకుల మధ్య కాంటాక్టును (ఒకదానిలోంచి ఒకటి దూరకూడదన్న షరతును) మోడల్‌లో పెట్టాలా, వేడిని లెక్కించాలా, మిగిలిన 8 రీస్పాట్లను కూడా వరుసలో చేర్చాలా అన్నవి నా ప్రశ్నలు. గన్ సెట్టింగు: కరెంటు పారే కాలం 12 సైకిళ్లు, కరెంటు 9 కిలో ఆంపియర్లు, నొక్కే బలం 2.2 కిలో న్యూటన్లు.

టిప్_డ్రెస్సర్:
జింకు పూత రేకా, మామూలు రేకా అన్నది మీరు చెప్పనే లేదు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరిగి, రాగి టిప్‌తో కలిసి ఇత్తడిగా మారుతుంది. టిప్ ముఖం పుట్టగొడుగులా విచ్చుకుంటే కరెంటు ఎక్కువ వైశాల్యంలో పరుచుకుని నగ్గెట్ (రేకుల మధ్య కరిగి గట్టిపడే అతుకు ముద్ద) చిన్నదవుతుంది. కంప్యూటర్‌లోని టిప్ ఎప్పటికీ కొత్తదే కనుక దానికి ఈ బాధ తెలియదు. పోయిన ఏడాది మా లైనులో టిప్ ముఖాన్ని చెక్కి సరిచేసే డ్రెస్సింగు బ్లేడు అరిగిపోయిన సంగతిని ఎవరూ గమనించక, ఒక షిఫ్టు ఉత్పత్తి మొత్తాన్ని ఉలితో పరీక్షించవలసి వచ్చింది.

మిల్లీసెకను:
12 సైకిళ్లు అంటే ఏ దేశపు సైకిళ్లు? మన 50 హెర్ట్జ్‌లో అది 240 మిల్లీసెకన్లు, అమెరికా 60 హెర్ట్జ్‌లో 200. అమెరికన్ పట్టికను చూసి ఇక్కడ 12 అని కొట్టేవారిని నేను చాలామందిని చూశాను. వేడి కరెంటు వర్గానికీ, నిరోధానికీ, కాలానికీ అనులోమంగా ఉంటుంది కనుక మీరు 20 శాతం అదనపు వేడిని ఉచితంగా పోస్తున్నారు.

నగ్గెట్_శాస్త్రి:
22 ఏళ్లుగా వెల్డింగు సిమ్యులేషన్ చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇది పాఠ్యపుస్తకం మాట. రేకుల మధ్య స్పర్శ నిరోధం మొదటి కొన్ని సైకిళ్లలోనే పడిపోతుంది. ఆ తరువాత పుట్టే వేడిలో చాలా భాగాన్ని నీటితో చల్లబడే రాగి టిప్‌లు లాగేసుకుంటాయి. అందుచేత కాలం 20 శాతం పెరిగినంత మాత్రాన నగ్గెట్ 20 శాతం పెరగదు. కరెంటు వర్గంలో ఉంది కాబట్టి ముందు దాన్ని చూడాలి.

మిల్లీసెకను:
నగ్గెట్ 20 శాతం పెరుగుతుందని నేను ఎక్కడ రాశాను? వేడి అన్నాను. స్పాటర్ (కరిగిన లోహపు చిమ్ముడు) ఎగిరేది చివరి సైకిళ్లలోనే అన్న సంగతి 22 ఏళ్లలో మీ దృష్టికి రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

నగ్గెట్_శాస్త్రి:
బలం చాలనప్పుడు స్పాటర్ మొదట్లోనే ఎగురుతుంది. దయచేసి లైను దగ్గర నిలబడి చూసి వచ్చి మాట్లాడండి.

మిల్లీసెకను:
నేను లైను దగ్గర నుంచే టైపు చేస్తున్నాను.

ఫ్లాంజ్_ఫాతిమా:
అడిగినది ఆకారం గురించి, మీరు కొట్లాడుతున్నది వేడి గురించి. బాబు గారూ, ఆరు స్పాట్లకు సాధ్యమైన వరుసలు 720 మాత్రమే. వాటికి జెనెటిక్ అల్గారిథం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. 1997లో ల్యూ, హు ప్రతిపాదించిన ప్రభావ గుణకాల పద్ధతిలో దృఢత్వ మాత్రికను (ఎంత బలానికి రేకు ఎంత కదులుతుందో చెప్పే పట్టికను) స్పాట్ల, క్లాంపుల బిందువులకే కుదించుకుంటే అన్నిటినీ లెక్కించేయవచ్చు. 14 స్పాట్లనూ చేర్చారంటే వరుసలు 8,717 కోట్లు దాటతాయి, అల్గారిథం అవసరం అక్కడ వస్తుంది. అయితే జియో స్పాట్లు ఆకారాన్ని బిగించేశాక రీస్పాట్ల ప్రభావం సాధారణంగా తగ్గుతుంది కనుక నేను వాటిని వదిలేస్తాను. కాంటాక్టు మాత్రం తప్పక పెట్టండి. లేకపోతే లెక్కలో ఒక రేకు రెండో రేకులోంచి దూరిపోయి, నిజంలో లేని మెత్తదనాన్ని చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు మోడల్‌కు ఇచ్చిన భాగాలు క్యాడ్ (కంప్యూటర్‌లో గీసిన డిజైన్) ఆకారంలోవా, తయారైన భాగాలను స్కాన్ చేసినవా?

జిగ్_బాబు:
రీయిన్‌ఫోర్స్‌మెంటును స్కాన్ చేశాను. ఇన్నర్ ప్యానెల్ మాత్రం క్యాడ్‌దే.

ఫ్లాంజ్_ఫాతిమా:
మీ 0.4 అక్కడే పుట్టింది. పల్చటి రేకే ఎక్కువగా వంగేది, దాన్నే మీరు తప్పులేనిదిగా పెట్టారు. గన్ మూసేటప్పుడు ఆ ఖాళీని బలవంతంగా పూడ్చి అతికిస్తుంది, క్లాంపు వదిలాక ఆ బలమే ఎదురు తిరుగుతుంది.

పాత_ఫిట్టర్:
అమ్మా, మీ లెక్కలను నేను కాదనను. కానీ గన్‌కు ఈక్వలైజింగు (రెండు చేతులూ రేకును సమంగా తాకేలా సర్దుకోవడం) సరిగ్గా ఉందో లేదో ఎవరూ అడగలేదు. కదలని చేయి రేకుకు దూరంగా ఆగిపోతే, కదిలే చేయి రేకును దాని దాకా నెట్టుకుపోయి అతికిస్తుంది. మా షాపులో ఒక బ్రాకెట్ మూడు నెలలపాటు వంకరగా వస్తుంటే భాగాన్ని పట్టి ఉంచే ఫిక్చర్ వాళ్లనూ రేకును అచ్చొత్తే ప్రెస్ షాపు వాళ్లనూ తిట్టాం. చివరికి స్పాట్ పక్కన డయల్ గేజి పెట్టి, కరెంటు ఆపేసి గన్‌ను ఒక్కసారి మూయించగానే ముల్లు తిరిగింది.

టిప్_డ్రెస్సర్:
టిప్ అరిగినా అదే జరుగుతుంది. పొడవు తగ్గిన మేరకు సర్వో (మోటారుతో కదిలే) గన్‌లో దిద్దుబాటు ఇవ్వకపోతే కదలని చేయి రేకును అందుకోదు. నేను మొదటే టిప్ అన్నాను.

మిల్లీసెకను:
మీరు నగ్గెట్ గురించి అన్నారు, పొడవు గురించి కాదు.

జిగ్_బాబు:
వారం తరువాత రాస్తున్నందుకు మన్నించండి. ఇన్నర్ ప్యానెల్ స్కాన్‌ను, కాంటాక్టును పెట్టి మళ్లీ లెక్కించగా 0.4 కాస్తా 0.8 అయింది, ఉత్తమ వరుస కూడా మారింది. ఫిట్టర్ గారు చెప్పినట్టు డయల్ గేజితో చూస్తే నాలుగో స్పాట్ దగ్గర గన్ రేకును 0.5 నెడుతోంది. దాన్ని సరిచేసి, కొత్త వరుసతో చేసిన భాగాలు సీఎంఎం మీద 0.7 దగ్గర నిలిచాయి. సైకిళ్ల పట్టిక అమెరికాదేనని కూడా తేలింది. దాన్ని 10 సైకిళ్లకు మార్చినా ఆకారంలో తేడా రాలేదు, స్పాటర్ మాత్రం తగ్గింది. వేడి గురించిన ప్రశ్న అలాగే ఉంది.

ఫ్లాంజ్_ఫాతిమా:
సైకిళ్లు తగ్గించారు కనుక ముందు పీల్ టెస్టు (రేకులను ఒలిచి నగ్గెట్‌ను కొలవడం) చేయండి. పల్చటి రేకు 0.7 కాబట్టి 4√t (t అంటే రేకు మందం) లెక్కన నగ్గెట్ వ్యాసం కనీసం 3.35 మి.మీ. ఉండాలి. ఇంత చిన్న స్పాట్ల వేడిని ఆకారపు లెక్కలో వదిలేయడమే రివాజు. మీ 0.8కీ 0.7కీ మధ్యనున్న తేడా ఎలాగూ స్కాన్ కొలతల్లో ఉండే హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది.

మిల్లీసెకను:
పట్టిక అమెరికాదని తేలిన సంగతిని శాస్త్రి గారు గమనించగలరు.

నగ్గెట్_శాస్త్రి:
ఆకారంలో తేడా రాలేదన్న వాక్యాన్ని కూడా గమనించగలరు.