వోచరుకు కాగితాలు జతచేయడం: ఫైలు ఎక్కడ పెట్టాలి, ఎలా ముడి వేయాలి?

ఆదోని_కోడర్:
ఆదోనిలో పత్తి కమీషన్ మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ప్రతి ఎంట్రీకి, అంటే వోచరుకు, కాటా చీటీ, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీలో తీసే పత్రం), లారీ రసీదు ఫోటోలు తగిలించాలి. రోజుకు 200 కాగితాలు వస్తాయనుకోండి. వోచరు టేబుల్లోనే ఒక కాలమ్ పెట్టి ఫైలు అందులో వేస్తే సరిపోదా? యార్డు దగ్గర నెట్టు అంతంతమాత్రమే.

డేటాబేస్_మేస్త్రి:
వద్దన్నా. ఒక్కోటి 400 కేబీ వేసుకున్నా రోజుకు 80 ఎంబీ, 300 రోజులకు 24 జీబీ. పద్దుల డేటా కొన్ని వందల ఎంబీ ఉంటుంది, దాని బ్యాకప్ కోసం ఫోటోలన్నీ మోయాల్సొస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక లారీ రసీదు నాలుగు వోచర్లకు వర్తిస్తుంది, ఒక వోచరుకు మూడు కాగితాలుంటాయి. కాబట్టి మూడు టేబుళ్లు: వోచరు, ఫైలు, మధ్యలో ముడి (ఏ ఫైలు ఏ వోచరుదో చెప్పేది). కాగితం ఏ రకమో ముడి వరసలో రాయండి. ఫైలుకు మీ ఐడీయే పేరు, వాట్సాప్ పెట్టిన పేరు ఒక కాలమ్‌లో ఊరికే పడుంటుంది.

నెట్టు సంగతి: వోచరు సేవ్ కావడానికి ఫోటో ఎక్కేదాకా ఆపొద్దు. ఫైలు ఐడీని ఫోనే తయారుచేయాలి. అప్పుడు నెట్టు తెగి మళ్లీ పంపినా రెండో కాపీ పుట్టదు. ఫోటోను ఫోన్లోనే పొడవు వైపు 2,000 పిక్సెళ్లకు కుదించండి. మరీ తగ్గిస్తే కాటా చీటీ మీద 3 ఏదో 8 ఏదో తెలియదు.

కర్నూలు_ఆడిట్:
డిలీట్ బటన్ గురించి ఎవరూ అనలేదు. జీఎస్టీలో రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2023-24కు గడువు 2024 డిసెంబరు 31, అంటే 2030 డిసెంబరు 31 దాకా. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కంపెనీ అయితే 8 ఏళ్లు. పైగా కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో రాసే చిట్టా) తప్పనిసరి. మండీలు ఎక్కువగా సొంత వ్యాపారాలో భాగస్వామ్యాలో కాబట్టి ఆ నిబంధన వాటికి రాదు, అయినా పెట్టండి. తప్పు ఫోటో ఎక్కితే ముడి విప్పాలి, ఎవరు ఎప్పుడు విప్పారో రాయాలి. ఫైలు మాత్రం కదలకూడదు.

ఆదోని_కోడర్:
ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిస్తే? ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) పోల్చి ఆపేద్దామా?

డేటాబేస్_మేస్త్రి:
హ్యాష్ పట్టుకునేది అచ్చం అదే ఫైలును. మళ్లీ ఫోటో తీసినా, వాట్సాప్ కుదించి పంపినా హ్యాష్ మారిపోతుంది. బిల్లుకైతే అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం కలిపి చూడండి. ఈ-ఇన్‌వాయిస్ ఉంటే క్యూఆర్‌లో బిల్లు బిల్లుకూ వేరుగా ఉండే 64 అక్షరాల నంబరు ఐఆర్‌ఎన్ దొరుకుతుంది, అంతకన్నా గట్టిది లేదు. కాటా చీటీకి ఏ కాటా, చీటీ నంబరు, తేదీ.

దొరికితే ఆపొద్దు, "పాత ఫైలుకే ముడి వేయమంటారా?" అని అడగండి. లారీ రసీదు రెండో వోచరుకు రావడం తప్పేమీ కాదు కదా. ఈ పోలిక ఒక్క మండీ లోపలే జరగాలి. లేకపోతే పక్క మండీ దగ్గర అదే కాగితం ఉందని వీళ్లకు తెలిసిపోతుంది.

బ్యాకప్‌లో ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. తిరగేస్తే, మధ్యలో ఎక్కిన ఫోటోకు డేటాబేస్‌లో వరస ఉంటుంది, ఫైలు ఉండదు.

కర్నూలు_ఆడిట్:
ఇంకొకటి. థర్మల్ కాగితం మీది కాటా చీటీ ఎండకు, వేడికి వెలిసిపోతుంది. భద్రమని వేడి లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లబడుతుంది. అందుకే సాయంత్రం గల్లా మూసే ముందు "కాగితం లేని ఎంట్రీలు" అని ఆ రోజు జాబితా ఒకటి తెర మీదికి రావాలి. నెలాఖరుకు అడిగితే చీటీ ఉంటుంది కానీ, దాని మీద అంకెలు ఉండవు.