‘జన్యుపరమైన’ అన్నా ‘వంశపారంపర్య’ అన్నా ఒకటేనా?

ప్రశ్న: ‘క్యాన్సర్ జన్యుపరమైన వ్యాధి’ అని పత్రికలో చదివిన దగ్గర్నుంచీ మా పిన్ని ఒకటే బెంగ. అమ్మమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ‘ఇక నాకూ తప్పదన్నమాటేగా’ అంటోంది. ఈ రెండు మాటలూ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: కాదండీ. జన్యువులో మార్పు వల్ల వచ్చే జబ్బేదైనా జన్యుపరమైనదే. ఆ మార్పు పుట్టుకతో వచ్చిందా, అరవయ్యో ఏట వచ్చిందా అన్నది ఆ మాటలో లేదు. క్యాన్సర్లలో ఎక్కువ భాగం రెండో రకం. పొగాకు పొగ, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, కణం చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులు, వీటివల్ల ఒంట్లో ఏదో ఒక కణంలో మార్పు మొదలవుతుంది. ఒక్క మార్పు సాధారణంగా చాలదు. చీలమని పురమాయించే రాస్ లాంటి జన్యువు ఆగకుండా పనిచేస్తూ, అడ్డుకునే టీపీ53 లాంటిది పాడై, ఇవన్నీ ఒకే కణం సంతతిలో ఏళ్ల తరబడి పోగుపడితే కణితి అవుతుంది. పెద్ద వయసులో క్యాన్సర్లు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ మార్పులు పిల్లలకు పోవు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే.

ప్రశ్న: మరి చంటిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సరో?

జవాబు: రెటినోబ్లాస్టోమా. మంచి ప్రశ్న, ఇక్కడ రెండు మాటలూ తడబడతాయి. కణాల చీలికను అదుపులో ఉంచే ఆర్‌బీ1 జన్యువు ప్రతి కణంలో రెండు ప్రతులుగా ఉంటుంది, రెండూ చెడితేనే కణితి. 1971లో అమెరికా జన్యుశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నడ్సన్ కేసులు పరిశీలించి ఈ ‘రెండు దెబ్బల’ లెక్క తేల్చాడు. కొందరు పిల్లలకు ఒంట్లో అన్ని కణాల్లోనూ ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. రెటీనాలో (కంటి లోపలి వెనక పొరలో) ఇంకొక్క దెబ్బ చాలు. అందుకే వీళ్లకు తరచు రెండు కళ్లలోనూ, ముందుగా వస్తుంది. మిగతావారికి రెండు దెబ్బలూ ఒకే కణానికి తగలాలి, కాబట్టి ఒక కంట్లోనే. చిత్రమేమంటే, మొదటి రకం పిల్లల్లో చాలామంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. కానీ ఆ బిడ్డకు పుట్టేవాళ్లలో ఒక్కొక్కరికీ అది సంక్రమించే అవకాశం సగం. వంశంలో లేనిది వంశానికి మొదలవుతోంది, దీనికి ‘వంశపారంపర్యం’ ఎలా సరిపోతుంది? ‘సంక్రమించగల’ అనడం నయం. (ఫ్లాష్ ఫొటోలో పాప కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.)

మీ పిన్నిగారి సంగతికొస్తే, అమ్మమ్మగారికి ఏ వయసులో వచ్చిందో, దగ్గరి బంధువుల్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయో కనుక్కుని డాక్టరుకు చెప్పమనండి. చిన్న వయసులో వచ్చి ఉంటే బీఆర్‌సీఏ పరీక్ష (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపం ఉందేమో చూసేది) అవసరమా అన్నది ఆయన చూస్తారు. ఆ లోపం అమ్మమ్మగారికి ఉందనే తేలినా, పిన్నిగారికి వచ్చి ఉండే అవకాశం సగమే.