ట్రావెల్ ట్రైలర్ టైరు పేలితే రోడ్డు పక్కన మనమే మార్చుకోవచ్చా?

ఫ్రిస్కో క్యాంపర్:
అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు యాక్సిళ్ల (ఒక్కో వైపు రెండు చక్రాల) ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు. మొత్తం బరువు పరిమితి 7,600 పౌండ్లు. పిల్లలతో పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్తుంటే 287 హైవే మీద, చిల్డ్రెస్ ఊరు దాటాక, కుడివైపు వెనక టైరు పేలింది. ట్రక్కు నడుపుతున్న నాకు తెలియనే లేదు. పక్క లేన్‌లో పోయే ఒకాయన హారన్ కొట్టి చెయ్యి ఊపితే అప్పుడు ఆపాం. టైరు పీలికలైపోయింది. రోడ్డు మీద బండి ఆగితే సాయం చేసే రోడ్‌సైడ్ ప్లాన్ వాళ్లకి ఫోన్ చేస్తే, మీ ప్లాన్ ట్రక్కుకే, ట్రైలర్‌కి కాదు అన్నారు. ఎలాగో డబ్బు కట్టి ఇంకో మనిషిని పిలిపించుకునేసరికి చీకటి పడింది. తీరా ఆయన వచ్చాక అరగంటలో పని అయిపోయింది!

ట్రక్కుతో వచ్చిన జాకీ చాలినంత ఎత్తు లేవలేదు, పానా ట్రైలర్ నట్లకి పట్టలేదు. అందుకే అడుగుతున్నా: జాకీ ఎక్కడ పెట్టాలి? నాలుగు మూలలా ఉండే స్టెబిలైజర్ జాకీలతో లేపొచ్చా? ఇప్పుడు ఒక్క టైరు కొంటే చాలా? మిగతా మూడింటికీ గుండీలు (నేలకి ఆనే గాళ్ల భాగం) బాగానే ఉన్నాయి.

ఆస్టిన్ నాన్న:
పిల్లల్ని పెట్టుకుని హైవే పక్కన ఈ సాహసాలు దేనికండీ? ట్రైలర్‌కి కూడా వర్తించే రోడ్‌సైడ్ ప్లాన్ తీసుకుని హాయిగా ఏసీలో కూర్చోండి.

శాన్ ఆంటోనియో అక్క:
ప్లాన్ ఉండాల్సిందే, కాదనను. కానీ పశ్చిమ టెక్సస్‌లో మనిషి వచ్చేదాకా ఎండలో కూర్చోవడం కంటే టైరు మార్చుకోవడమే తేలిక. నేను విజయవాడ ఆటోనగర్ లారీల మధ్య పెరిగినదాన్ని, మా ట్రైలర్ నేనే లాగుతాను. నా పద్ధతి చెబుతాను.

స్టెబిలైజర్లు ట్రైలర్ ఊగకుండా పట్టుకోవడానికే, లేపడానికి కాదు. లేపితే అవే వంగుతాయి. టైరు మార్చేటప్పుడు ట్రైలర్‌ని ట్రక్కు నుంచి విప్పకండి. ట్రక్కుకి పార్కింగ్ బ్రేకు వేసి, టైరు పోని వైపు రెండు చక్రాలకీ ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. పిల్లలు ట్రైలర్‌లో ఉండకూడదు, రోడ్డుకి దూరంగా నిలబడాలి. నట్లు అరమలుపు వదులు చేసేది చక్రం నేల మీద ఉన్నప్పుడే. గాల్లోకి లేచాక విప్పబోతే చక్రం తిరిగిపోతుంది, బలమంతా వాడితే జాకీ కూడా జారుతుంది.

రెండు యాక్సిళ్లు ఉన్నవాళ్లకి నేనైతే జాకీ కంటే ర్యాంపే (చక్రం ఎక్కించే ఏటవాలు దిమ్మ) చెబుతాను. నట్లు వదులు చేశాక, అదే వైపు బాగున్న టైరుని మెల్లగా ర్యాంపు ఎక్కిస్తే పోయిన టైరు దానంతటదే నేల విడుస్తుంది. ఇలాగైతే పార్కింగ్ బ్రేకూ, అడ్డు చెక్కలూ ఎక్కించాకే. నేల గట్టిగా, చదునుగా ఉండాలంతే. ఇసుకలోనో మెత్తటి గడ్డిలోనో వద్దు. ఏ పద్ధతిలో లేపినా కిందకి మాత్రం దూరకండి.

ఎడమవైపు టైరు పోతే ఇదంతా మర్చిపోండి. ట్రాఫిక్‌కి వీపు పెట్టి కూర్చుని చేసే పని కాదది. హజార్డ్ లైట్లు వేసుకుని, షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) మీదే నెమ్మదిగా తర్వాతి ఎగ్జిట్‌కి పోవాలి. రిమ్ము పోతే పోయింది.

ఇక మీ చివరి ప్రశ్న, అసలు సంగతి అక్కడుంది. ఒక్క టైరు చాలదు. పేలిన టైరు పక్కన, అదే వైపు, ఇంకోటి ఉంది చూశారా? జోడెడ్లలో ఒకటి కూలబడితే కాడి రెండోదాని మెడ మీదే కదా. లెక్క చూడండి. 7,600లో సుమారు 900 ట్రక్కు కొక్కెం మీద పడుతుందనుకుంటే, నాలుగు టైర్ల మీద 6,700. అంటే ఒక్కోదానికి 1,675. మీవి ఎస్‌టీ (ట్రైలర్ల కోసమే చేసే రకం) 225/75ఆర్15 సైజు, లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) డి అయితే ఒక్కో టైరు మోసేది 65 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర 2,540 పౌండ్లు. పక్కది పేలి ఆ వైపు బరువంతా మిగిలినదాని మీద పడితే 3,350! అలా ఎన్ని మైళ్లు నడిచిందో మీకే తెలియదు. పైకి నిగనిగలాడుతున్నా దాన్ని నమ్మను.

పేలిన టైరు పీలికలు కొరడాల్లా కొడతాయి కాబట్టి చక్రం పైన రేకు, బ్రేకు వైర్లు, అడుగున గ్యాస్ పైపు కూడా టార్చి వేసి చూడండి. టైరు పక్కగోడ మీద డాట్ అని ఉన్న వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. అవేంటో చెప్పండి.

హ్యూస్టన్ చందు:
అక్కా, మా టైరు షాపులో జాకీ నేరుగా యాక్సిల్ కిందే పెడతారు. ఏమీ కాలేదే?

శాన్ ఆంటోనియో అక్క:
తమ్ముడూ, ఆ యాక్సిల్ గొట్టం లోపల డొల్ల, పైగా కొంచెం వంపుతో చేస్తారు. మధ్యలో జాకీ పెట్టి లేపితే ఆ వంపు మారిపోతుంది. ఆ పూట ఏమీ కనబడదు. తర్వాత టైర్లు ఒకవైపే అరిగిపోతుంటే కారణం ఎవరికీ తట్టదు. యాక్సిల్ కంపెనీల పుస్తకాలు ఫ్రేము కిందే పెట్టమంటాయి, చక్రాలకి దగ్గరగా. ఫ్రేము నుంచి లేపితే స్ప్రింగులు కిందికి సాగుతాయి కాబట్టి ఎక్కువ ఎత్తు లేపాలి. అందుకే 6 టన్నుల బాటిల్ జాకీ, దాని కింద వెడల్పాటి గట్టి చెక్క.

ఫ్రిస్కో క్యాంపర్:
అక్కా, నాలుగు అంకెలు 1818. ఇప్పుడు వేసుకున్న స్టెప్నీ మీద కూడా అదే. సైజు మీరన్నదే, లోడ్ రేంజ్ డి. టైరు పేలినప్పుడు క్రూజ్ 75 మైళ్ల వేగంలో పెట్టి పోతున్నా, అక్కడ లిమిట్ అదే కదా.

శాన్ ఆంటోనియో అక్క:
అంటే 2018లో 18వ వారం. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, వయసు మీరి పోతాయి. ఏడాదిలో చాలా నెలలు ఎండలో కదలకుండా నిలబడి ఉంటాయి కదా. అయిదారేళ్లు దాటితే గుండీలు ఎలా ఉన్నా మార్చెయ్యాలి. కాబట్టి నాలుగూ, స్టెప్నీతో కలిపి అయిదూ కొత్తవి కొనండి. ఖర్చే, తప్పదు.

పక్కగోడ మీద వేగం అక్షరం లేని పాత రకం ఎస్‌టీ టైర్లకి 65 మైళ్లే హద్దు. ఎల్ ఉంటే 75, ఎమ్ ఉంటే 81. రోడ్డు లిమిట్ ఎంతైనా నేను 65 దాటను, వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు, దాని మీద రాసిన పూర్తి 65 పీఎస్ఐ కొట్టండి.

మీ నట్లకి సరిపోయే సాకెట్టు, పొడుగు పిడి బ్రేకర్ బార్, ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచి కొనండి. అర అంగుళం బోల్టులకి బిగింపు మామూలుగా 90 నుంచి 120 అడుగు-పౌండ్లు, మీ పుస్తకంలో ఉన్న అంకెకే వెళ్లండి. ఎదురెదురు నట్లు నక్షత్రం వరసలో బిగించి, 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ చూడాలి. ఆ రాత్రి వేసిన స్టెప్నీకి ఎవరైనా మళ్లీ బిగించారా?

ఫ్రిస్కో క్యాంపర్:
లేదక్కా. ఇప్పుడే ట్రైలర్ పెట్టిన స్టోరేజ్ లాట్‌కి వెళ్తున్నా, దారిలో టార్క్ రెంచి కొనుక్కుని. ఒక్కో చక్రానికీ ప్రెషర్ సెన్సర్ కూడా ఆర్డర్ పెట్టా, ఈసారి హారన్ కొట్టే ఆయన కోసం చూడక్కర్లేదు.